ఆత్మకూరులో సముద్రం

మొన్న నెల్లూరులో కంటి డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఈ వయసులో డాక్టర్ల దగ్గర కూర్చోవడమే ఒక ఉద్యోగం. కళ్ళలో మందు వేసి, అరగంట మూసుకొని ఉండమని చెప్పి వెళ్ళిపోయారు. మూసుకోమంటే నాకు తెరవాలనిపిస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. తెరిచి చూస్తే ఎదురుగా పెద్ద గాజు తొట్టి, అందులో సముద్రపు చేపలు. మందు వల్ల అన్నీ మసకగా, పసుపు మరకలూ నీలం మరకలూ తిరుగుతున్నట్టు ఉన్నాయి. అక్కడ పనిచేసే అమ్మాయి సీసాతో నీళ్ళు తెచ్చి తొట్టిలో పోస్తోంది. ఏం నీళ్ళమ్మా అవి అని అడిగాను. "మంచినీళ్ళే తాతా. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు యాడికి పోతాది? అందుకని మంచినీళ్ళే పోస్తాం," అంది. ఇరవై ఏళ్ళుంటాయేమో ఆ పిల్లకి. కూర వండటం చెప్పినంత తేలిగ్గా చెప్పేసి సీసా పట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఈ ముక్క నేను మా నాయనతో చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో రాసుకుందామని ఈ కాగితాలు ముందేసుకున్నాను. చూపు సరిగ్గా లేదు, వాక్యాలు ఎటు పోతాయో నాకే తెలియదు.

మాది ఆత్మకూరులో ఉప్పు కొట్టు. చింతపండూ మిరపకాయలూ కూడా టోకున అమ్మేవాళ్ళం గానీ ముఖ్యంగా ఉప్పే. సముద్రపొడ్డున ఉప్పు పండించే మడులున్న చోటుని కొటారు అంటారు. ఆ కొటార్ల నుంచి లారీల్లో బస్తాలు మాకొచ్చేవి. మర్రిపాడు మీదుగా బద్వేలు వైపు పోయే బండ్లన్నీ మా కొట్టు ముందు ఆగి ఎక్కించుకునేవి. నాయన ఒక ఉప్పు కల్లు తీసి నాలుక మీద పెట్టుకొని, అది ఏ కొటారుదో, ఈ ఏడుదో పోయినేడుదో, వాన తగిలిందో లేదో చెప్పేవాడు. బేరానికి వచ్చినవాళ్ళు తలూపి పట్టుకుపోవడమే. ఉప్పు సంగతిలో ఆయన మాటకి అడ్డు చెప్పినవాడిని నేను చూడలేదు. మిగతా సంగతుల్లోనూ పెద్దగా చూడలేదు. మనిషి కోపిష్టి కాదు. తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడేవాళ్ళ ఇంట్లో పెరిగినవాళ్ళకి మాట బయటికి రావడం ఎంత కష్టమో తెలుస్తుంది.

నేను నెల్లూరులో ఇంటర్మీడియట్ ఒక ఏడాది చదివాను. అక్కడ జంతుశాస్త్రం చెప్పే మాస్టరు తన గదిలో చిన్న గాజు తొట్టిలో సముద్రపు నీళ్ళు పెట్టి నాలుగైదు చేపల్ని సాకేవాడు. ఆ తొట్టి ముందు నిలబడితే నాకు అన్నం గుర్తొచ్చేది కాదు. ఇదే చదవాలి, జన్మంతా ఇదే చెయ్యాలి అనుకున్నాను. ఏడాది పూర్తయి ఎండాకాలం సెలవులకి ఇంటికి వస్తే, నాయన మోకాళ్ళు నొప్పులని, కొట్టు చూసుకునేవాడు కావాలని, ఇంక కాలేజీ వద్దన్నాడు. ఎదురు చెప్పలేదు. మొహం మాడ్చుకొని తిరిగాను, అంతే. జూన్లో కాలేజీ తెరిచారు, నేను వెళ్ళలేదు. దసరా నాటికి నా మొహం చూడలేక అమ్మ సగమైంది. ఆ పండగ నాడు భోజనాల దగ్గర నాయన ఉన్నట్టుండి, "సముద్రంలో చేపల్ని చూసేదానికి నెల్లూరు దాకా ఎందుకురా? ఉప్పు మనకాడ లేదా, నీళ్ళు మన బావిలో లేవా? ఈడనే పెట్టు నీ సముద్రాన్ని," అన్నాడు. ఎగతాళి అనుకొని నేను తల ఎత్తలేదు. ఆయన మజ్జిగ పోసుకొని, "ఉగాది దాకా ఒక్క చేపన్నా బతికుంటే పొయ్యి చదువుకో. లేదంటే కొట్లో కూచో. ఇంక దీని గురించి నాతో మాట్లాడబాకు," అన్నాడు. మా నాయన నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు రావడం అదే మొదలు.

తొట్టి చేయించడానికే పదిహేను రోజులు పట్టింది. మూతపడిన మిఠాయి కొట్టు గాజు బీరువా ఒకటి బజారులో పడి ఉంటే దాని పలకలు తెచ్చాను. వడ్రంగి టేకు చట్రం బిగించాడు. నీళ్ళు పోస్తే అన్ని మూలల నుంచీ కారింది. పడవల అతుకులకి గుగ్గిలం నూనెలో కాచి పూస్తారని ఉప్పు లారీ డ్రైవరు చెబితే, అమ్మ పూజకి దాచుకున్న గుగ్గిలమంతా కాచి పూశాను. నాలుగోసారికి నిలిచింది. వసారాలో ఎండ పడని చోట బల్ల మీద పెట్టాం. ఇంక సముద్రం కావాలి. ఉప్పు అమ్మేవాడి ఇంట్లో సముద్రానికి కొరతేముంది అని నాయనే స్వయంగా బావినీళ్ళలో ఉప్పు కలిపాడు. వేలు ముంచి నాలుకకి తగిలించుకోవడం, చాలలేదనడం, ఇంకో దోసెడు వెయ్యడం. ఆయన దృష్టిలో సముద్రం ఎంత ఉప్పగా ఉంటుందంటే, కొటారు మడిలో ఉప్పు పేరుకోబోయే ముందు నీళ్ళుంటాయే, అంత. వయసులో ఉన్నప్పుడు కొటార్లకి పోయినప్పుడల్లా ఆ మడి నీళ్ళనే నాలుకతో చూసి బేరం చేసేవాడట. మడులు దాటి అర మైలు పోతే అసలు సముద్రం. అక్కడ ఆయనకి పనిలేదు కాబట్టి ఎన్నడూ పోలేదు. ఇది నాకు చాలా తర్వాత తెలిసింది. లారీలో వెళ్ళి, కొటారు పక్క కాలవలో తువ్వాలుతో వేలెడు చేపలు పట్టుకొని వచ్చి ఆ నీళ్ళలో వదిలాను. నల్ల చారలున్న చేపలు. అక్కడివాళ్ళు ఏదో పేరు చెప్పారు, గుర్తులేదు. మర్నాటి పొద్దుటికి అన్నీ తేలాయి.

మాస్టరుకి ఉత్తరం రాశాను. సముద్రపు నీళ్ళే తెచ్చుకోమని జవాబొచ్చింది. తెచ్చాను. సముద్రపు నీళ్ళంటే తీర్థంతో సమానం గదా అని అమ్మ తన పుట్టింటి రాగి కాగులిచ్చింది, తళతళ తోమి మరీ. ఆ చేపలు మూడో రోజు పోయాయి. రాగి తగిలిన నీళ్ళు వాటికి విషమని మాస్టరు రెండో ఉత్తరం. ఈసారి ఉండబట్టలేక నెల్లూరు వెళ్ళి ఆయన ముందు కూర్చుంటే, పిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు అన్నీ చెప్పాడు. నీళ్ళ ఉప్పదనం చూసే గాజు గొట్టం ఒకటిచ్చాడు. నీళ్ళలో వేస్తే నిలువుగా తేలుతుంది. ఉప్పు ఎక్కువైతే పైకి లేస్తుంది. ఎక్కడ దాకా మునగాలో ఎర్ర దారం కట్టి చూపించాడు. నీళ్ళు తగ్గినప్పుడల్లా మంచినీళ్ళే పొయ్యాలని, పొరపాటున కూడా ఉప్పు కలపొద్దని రెండుసార్లు చెప్పాడు.

కార్తీకంలో కొత్త మట్టికుండలు ఇరవై కొని, గడ్డిలో పెట్టి, ఉప్పు బస్తాల మధ్య కట్టి సముద్రాన్ని తెచ్చాను. ఏడు చేపలు. ఈసారి బతికాయి. ఇక అక్కడి నుంచి నా ప్రాణం మీదికొచ్చింది. సముద్రం చూడబోయినవాళ్ళు హాయిగా తిరిగొస్తారు, మోసుకొచ్చేవాడి సంగతి వేరు. పది పన్నెండు రోజులకొకసారి లారీ ఎక్కి పోవాలి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కుండలు నింపాలి, సగం దారిలో పగలకుండా కాపలా కాయాలి, వచ్చి పాత నీళ్ళు కొంత తోడి కొత్తవి పొయ్యాలి. చేపలకి గాలి కావాలి. శివుడి మీద నీళ్ళు బొట్లుబొట్లుగా పడేందుకు ధారాపాత్ర వేలాడదీస్తారే, అట్లాంటిది మట్టితో చేయించి తొట్టి మీద కట్టమని అమ్మే చెప్పింది. అది ఖాళీ అయినప్పుడల్లా తొట్టిలో నీళ్ళే ముంచి మళ్ళీ అందులో పొయ్యాలి. అది చాలదన్నట్టు సైకిలు ట్యూబులో పంపుతో గాలి కొట్టి, సన్నగా తొట్టిలోకి వదిలేవాణ్ణి. గంటకొకసారి పంపు. కుడి భుజం ఆ ఏడాది పట్టుకున్న నొప్పి ఇప్పటికీ చలికాలంలో పలకరిస్తుంది.

తిండి మరీ పెద్ద తంటా. మా ఇంట్లో ఉల్లిపాయే ఆలోచించి కోస్తారు. అమ్మ బియ్యప్పిండి ఉండలు చేసి వేసేది, దేవుడి కోనేట్లో వేసినట్టు. పుణ్యం వచ్చిందో లేదో గానీ నీళ్ళు కుళ్ళి, రెండు చేపలు పోయాయి. చివరికి సంతలో ఎండురొయ్యల పొడి కొన్నాను. కోమటింటి అబ్బాయి ఎండురొయ్యలు బేరం చేస్తుంటే అమ్మే మనిషికి నవ్వాగలేదు. దాన్ని డబ్బాలో పెట్టి దొడ్లో చింతచెట్టు తొర్రలో దాచి, రోజూ చిటికెడు తెచ్చి వేసేవాణ్ణి. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకొని చూసీచూడనట్టు ఊరుకుంది. ఒక్కటే షరతు పెట్టింది, ఏకాదశి నాడు మాత్రం వెయ్యకూడదని. అట్లా మా చేపలు నెలకి రెండు ఉపవాసాలు చేశాయి. దానివల్ల నీళ్ళు శుభ్రపడ్డాయని ఒప్పుకోవాలి.

శివరాత్రి నాటికి ఒకటే మిగిలింది. తోక కొస చిరిగిన చేప. ఉప్పుకి వచ్చిన బండ్లవాళ్ళందరూ వసారాలోకి తొంగిచూసి పోయేవాళ్ళు. ఇదేనా సముద్రం, ఇంతేనా అనేవాళ్ళు. నాయన ఆ వైపు చూసేవాడే కాదు. భోజనానికి పోతూ వస్తూ తొట్టి పక్కనుంచే నడిచేవాడు, తల తిప్పకుండా. పందెం ఆయన గెలవాలని చూస్తున్నాడనే నేను అనుకున్నాను. ఉగాదికి ఇంక నెల రోజులు. రాత్రి పడుకుంటే చేతులు కుండలు మోస్తున్నట్టే ఉండేవి.

అప్పుడే గాజు గొట్టం పైకి లేవడం మొదలైంది. ఎర్ర దారం నీళ్ళ మీదికి వచ్చేసింది. నేనే మంచినీళ్ళు తక్కువ పోస్తున్నానేమో అనుకొని ఒక చెంబు ఎక్కువ పోశాను. మర్నాడు మళ్ళీ లేచింది. మూడో రోజు తెల్లవారి బావి దగ్గర నుంచి తడి పంచెతో వస్తూ వసారా గుమ్మం దగ్గర ఆగిపోయాను. నాయన తొట్టి ముందు నిలబడి ఉన్నాడు, వీపు నా వైపు. అరచేతిలో ఉప్పు కల్లు వేసుకొని, బొటనవేలితో నలిపి, మెల్లగా ఒక మూలనుంచి చల్లుతున్నాడు. చేప బెదరకూడదని కాబోలు, ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు. తర్వాత వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఎవరింట్లోనూ మంచినీళ్ళు ముట్టని మనిషి, ఎండురొయ్యల పొడి నానిన నీళ్ళు రుచి చూస్తున్నాడు. చప్పగా ఉన్నట్టు తల అడ్డంగా ఊపి, ఇంకో చిటికెడు వేశాడు. "తిరగరా పిల్లకాయా, తిరుగు," అన్నాడు దానితో. చేప తిరిగింది. ఆయన మొహం నాకు కనపడలేదు గానీ మెడ వెనక చూస్తేనే తెలిసింది, సంతోషపడ్డాడని.

నేను వెనక్కి తిరిగి మళ్ళీ బావి దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన పందెం ఓడిపోవాలని చూస్తున్నాడు. నేను నెల్లూరు పోవాలని, తెల్లవారుజామున దొంగతనంగా లేచి తనకి తెలిసిన ఒకే ఒక్క విద్యతో నాకు సాయం చేస్తున్నాడు. ఆ విద్యే చేపని చంపుతోంది. పోయి చెప్పేస్తే అయిపోయేది. "నాయనా, ఉప్పు ఎయ్యబాకు. నీళ్ళు పోతాయి గానీ ఉప్పు పోదు." ఇంతే మాట. కానీ బద్వేలు దాకా ఉప్పుకి పెద్దమనిషి అయిన వాడికి, కొటారు మడిలో నీళ్ళెండితే ఉప్పు మిగులుతుందని వందసార్లు కళ్ళారా చూసిన వాడికి, పందొమ్మిదేళ్ళవాణ్ణి నేను ఉప్పు గురించి చెప్పాలి. పైగా చూశానని ఒప్పుకోవాలి. ఆయన సిగ్గుపడతాడు. ఆ సిగ్గుని నేను చూడాలి. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి ఒక ఉపాయం దొరికింది. ఆయన పొద్దున్నే ఉప్పు వేస్తాడు, ఆయన కొట్టుకి వెళ్ళగానే నేను రెండు చెంబులు తోడేసి రెండు చెంబులు మంచినీళ్ళు పోస్తాను. ఎర్ర దారం సరిపోయేది. పదిహేను రోజులు ఇట్లాగే గడిచాయి. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులం ఒక చేప కోసం ఒకరికి తెలియకుండా ఒకరం పనిచేశాం. నిజం చెప్పాలంటే ఆ రోజులు నాకు ఇష్టంగానే ఉండేవి. అందుకే ఆపలేదేమో కూడా.

ఉగాది పన్నెండు రోజులుందనగా ఉదయగిరి నుంచి కబురొచ్చింది. మా అక్క మగబిడ్డని కన్నది, బారసాలకి పుట్టింటి సారె తీసుకొని రమ్మని. మూడు రోజుల పని. అమ్మని పిలిచి ధారాపాత్ర చూపించాను, పంపు చూపించాను, తొర్రలో మేత డబ్బా చూపించాను, రోజూ పొద్దున నాయన కొట్టుకి పోయాక రెండు చెంబులు తీసి రెండు చెంబులు మంచినీళ్ళు పొయ్యమని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. బారసాల అయిన మర్నాడు బావకి జ్వరం తగులుకుంది. అక్క పచ్చి బాలింతరాలు, బావ కొట్టు మూసెయ్యడానికి వీల్లేదు. నేను కూర్చున్నాను. ఉదయగిరి కొండ కింద ఆ ఎండలో, ఎవరూ రాని మధ్యాహ్నాల్లో, గల్లాపెట్టె మీద తల ఆనించుకొని కార్డు ముక్క రాశాను. రావడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందని, ధార ఆగకుండా చూడమని, మేత చిటికెడుకి మించొద్దని. ఉప్పు మాట రాయబోయి కలం ఆపాను. ఇంటికొచ్చే కార్డులు ముందు నాయనే చదువుతాడు. నలుగురు చదివే కార్డు మీద ఆయన తప్పు ఎట్లా రాస్తాను? రాయలేదు. కార్డు డబ్బాలో వేసి వచ్చి మళ్ళీ గల్లాపెట్టె ముందు కూర్చున్నాను.

ఎనిమిదో రోజు బస్సు దిగేసరికి పొద్దున పది దాటింది. కొట్టు తలుపులు వేసి ఉన్నాయి. ఇంటికి పోతే నాయన వసారాలో తొట్టి ముందు పీట వేసుకొని కూర్చున్నాడు. తొట్టిలో ఏమీ లేదు, నీళ్ళు తప్ప. చట్రం అంచు వెంబడి తెల్లగా ఉప్పు పేరుకొని ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "మీ నాయన దాని సంగతి చూసుకుంటా ఉండాడు గదా అని నేను నీళ్ళు పొయ్యలేదురా. ఆయనకి తెలీని ఉప్పా అని ఊరుకున్నా," అని లోపలికి వెళ్ళిపోయింది. నాయన నా వైపు చూడకుండా మాట్లాడాడు. "నిన్న పొద్దున పోయినాడు పిల్లకాయ. నీకు తెలీదు, నేను రోజూ పిడికెడు ఉప్పు ఏస్తా ఉండినా. నువ్వు లేవని రెండు పిడికిళ్ళు ఏసినా. అయినా చాలినట్టు లేదురా. ఇంకా ఏసుండాల్సింది." పీట మీద నుంచి లేస్తూ, "తప్పు నాది. పందెం లేదు ఏం లేదు. జూన్లో పొయ్యి చదువుకో పో," అన్నాడు.

నేను ఎదురుచూసిన మాట అది. ఆ మాట కోసం ఇరవై కుండలు ఎన్నిసార్లు మోశానో లెక్కలేదు. సరేనని వెళ్ళిపోవచ్చు, చెయ్యని తప్పు ఆయన నెత్తిన పెట్టి. చేసిన తప్పు వేరే అని చెప్పొచ్చు, చెబితే ఇంకెన్నడూ ఉప్పు కల్లు నాలుక మీద పెట్టుకోలేడు. అసలు తప్పు నాదని చెప్పొచ్చు. అన్నిటికీ మాట్లాడాలి. "ఉప్పు వల్ల కాదు నాయనా, దానికి ఆయుస్సు తీరింది. నాకింక చదువు మీద మనసు లేదు, కొట్లో కూర్చుంటా," అన్నాను. దీన్ని త్యాగమని మా పిల్లలు అంటారు. త్యాగం కాదు, అలసిపోయాను. అప్పుడు మాట్లాడటం కంటే ఒక జన్మంతా కొట్లో కూర్చోవడమే తేలికనిపించింది. మర్నాడే కూర్చున్నాను. లేచేసరికి యాభై ఏళ్ళు అయింది.

నాయన ఆ తర్వాత ఇంకా ముప్పై ఏళ్ళు బతికాడు. బేరానికి వచ్చినవాళ్ళకి నన్ను చూపించి, మావాడు ఇంట్లో సముద్రం పెట్టినాడు, నేనే ఉప్పు తక్కువేసి చంపినాను అని చెప్పేవాడు. నేను తక్కెడ చూసుకుంటూ ఉండేవాణ్ణి. మంచాన పడ్డ చివరి నెలలో ఒకరోజు మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే చెంచా పక్కకి నెట్టి, "ఆ పొద్దు ఇంకో పిడికెడు ఏసుంటే నువ్వు పెద్ద చదువు చదివుండేవోడివిరా," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. చెబుదామని నోరు తెరిచాను. తెరిచి, "జావ తాగు నాయనా, ఆరిపోతాది," అన్నాను. పందొమ్మిదేళ్ళప్పుడు అది ఒక్క మాట. చెప్పకుండా దాటేసిన ఏళ్ళన్నీ వచ్చి దాని మీద పేరుకొని, చెప్పి తీరాల్సిన ఆ మధ్యాహ్నానికి అది నా నోరు పట్టనంత పెద్దదైపోయింది.